రెండుసార్లు మందు పడిన తూటా

మేకలు ఈనే రోజుల్లో కాకులు ముందుగా పొడిచేది అప్పుడే పుట్టిన పిల్లల కళ్ళను. తల్లి ఇంకా నాకుతూనే ఉంటుంది, అవి దిగిపోతాయి. గల్ఫ్‌లో ఇబ్రి అనే ఊరి దగ్గర నేను పనిచేసే తోటలో ఆ ఏడు మూడు పిల్లలు అలా పోయాయి. మా కేకలకూ డబ్బాల మోతకూ కాకులు రెండు రోజుల్లోనే అలవాటు పడ్డాయి. చివరికి తోట యజమాని, మేము అర్బాబ్ అని పిలిచే ముసలాయన, లైసెన్సు ఉన్న తన చిన్న తుపాకీని బయటికి తీశాడు.

కొత్త తూటాలు కొనడం ఆయనకు ఇష్టం ఉండదు. ఖరీదు ఎక్కువ, పైగా కాకికి అంత దెబ్బ అక్కర్లేదు. కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరి, కడిగించి, తుపాకీ మందు తక్కువ కొలతతో పోసి, పైన గుండు బిగించి తానే తయారు చేసుకుంటాడు. కడగడం నా పని. మందు ముట్టుకోవద్దని మొదటి రోజే చెప్పాడు.

ఆయనకో పద్ధతి ఉంది. మందు పోయని గొట్టాన్ని షెడ్డులోని బల్ల మీద మూతి కిందికి పెడతాడు. పోసిన తర్వాతే మూతి పైకి.

ఆ రోజు సగం గొట్టాలు నింపి, పొద్దు వాలేవేళ చేసే అసర్ నమాజుకు లేచి వెళ్ళాడు. ఆయన వచ్చేలోగా మిగతావి ముగించి శభాష్ అనిపించుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. చేయి త్వరగా ఆడుతుందని మిగిలిన ఖాళీ గొట్టాలన్నీ ఒక్కసారే మూతి పైకి తిప్పాను. కొన్నిటిలో పోశాను. ఇంతలో దొడ్డిలో మేక అరిచింది. కాకుల్ని తోలి వచ్చేసరికి ఎక్కడ ఆపానో గుర్తు లేదు. తక్కువ మందు గొట్టం అడుగునే ఉంటుంది, ఆ షెడ్డు చీకట్లో కనపడదు. అందుకే రెండో కొలత పడినా పొంగదు. అంచనా వేసి పోసేశాను.

అర్బాబ్ వచ్చి బల్ల వైపు చూశాడు. "ఇవన్నీ నేనే పోశానా?"

"అవును, మీరే పోశారు," అన్నాను.

నన్ను నమ్మి గుండ్లు బిగించాడు. తప్పు చేసి నోరు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. అప్పటిదాకా దానివల్ల నాకే నష్టం జరిగింది.

సాయంత్రం రూమ్‌లో, ట్రాక్టర్ నడిపే మా జిల్లా అన్నతో చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగి అడిగాడు.

"డబుల్ పడితే ఏమైతది?"

"తుపాకీ పేలి పలుగుతది, అన్నా."

"గాయిన చెంప ఆనిచ్చే కాలుస్తడు గదరా."

"చెప్తే ఇంటికి పంపుతడు, అన్నా."

"పంపితే పోతవ్. గాయిన కన్ను పోయినంక నువ్ యాడికి పోతవ్? నాతోని చెప్తే ఏమొస్తది, నాకు ట్రాక్టరే మాట ఇంటలేదు. పొయ్యి ఆయనకు చెప్పు."

పోలేదు. పొద్దున్నే అర్బాబ్ దొడ్డి దగ్గర తూటా పెట్టి, తుపాకీని చెంపకు ఆనించినప్పుడు గానీ నా కాళ్ళు కదల్లేదు.

"అర్బాబ్, ఆగండి. నిన్న అబద్ధం చెప్పాను. సగం నేను పోశాను. ఒకదానిలో రెండుసార్లు పడిందేమో."

ఆయన తుపాకీ దించాడు. తూటా తీశాడు. వెళ్ళి చిన్న త్రాసు తెచ్చాడు. ఇరవై తూటాలు ఒక్కొక్కటిగా పెట్టాం. పందొమ్మిది ఇంచుమించు ఒకే బరువు. పదకొండోది మాత్రం ఎక్కువ తూగింది. గుండు ఊడదీసి మందును కాగితం మీద పోశాడు. సరిగ్గా రెండు కొలతలు.

దాన్ని నాకు చూపిస్తూ, మా ఇద్దరికీ వచ్చిన హిందీలో అన్నాడు. "ఇదిగో సదీక్, నా కుడి కన్ను. ఎంత తేలికగా ఉందో చూడు." సదీక్ అంటే వాళ్ళ భాషలో స్నేహితుడు.

పంపించేయమని నేనే అడిగాను.

"నిన్న అబద్ధం చెప్పినవాడు ఒకడు, ఈ రోజు నిజం చెప్పినవాడు ఇంకొకడు. మొదటివాణ్ణి విమానం ఎక్కించు. రెండోవాడు వచ్చి మిగతా పందొమ్మిదీ విప్పాలి."

విప్పాం. ఆయన మళ్ళీ మందు పోశాడు. మూతి పైకి ఉన్న ప్రతి గొట్టంలోకీ నేను టార్చి వేసి చూసి, గుండు బిగించాక తూకం వేసి, "సరే" అంటేనే పెట్టెలో పెట్టాడు. మధ్యాహ్నం గోడ మీద వాలిన కాకి మొదటి దెబ్బకే పడింది. రెండోది ఇంకా దూరంలో పడింది. మిగతావి లేచి వాదీ అనే ఎండువాగు అవతలికి పోయాయి. ఆ నెలలో పదకొండు మేకలు ఈనాయి. ఒక్క పిల్ల కన్నూ పోలేదు.

పక్క తోటల యజమానులు చూడ్డానికి వచ్చినప్పుడు వాళ్ళలో ఒకాయన అర్బాబ్‌ను ఆటపట్టించాడు. "నీ తూటాలకు నీ పనివాడు పరీక్ష పెడతాడట కదా?"

"పెడతాడు," అన్నాడు అర్బాబ్. "ఇతను చూడని తూటా నా తుపాకీలోకి పోదు."

నన్ను పిలిచి వాళ్ళ మధ్య చాప మీద కూర్చోబెట్టాడు. వాళ్ళ కాఫీ ఖహ్వాలో, పెద్ద అతిథికిచ్చే మొదటి గిన్నె నా చేతికే ఇచ్చాడు.