ట్యాంకులో ముంచే కడ్డీ

ఇనుప గనుల ఊరు బచేలీలో మా లారీల డీజిల్ చూసుకునే ఆయన రోజూ పొద్దున్నే ఇనుప కడ్డీకి మందు రాసి, బండ్లకు డీజిల్ పోసే పెద్ద ట్యాంకులో ముంచేవాడు. నీళ్లు తగిలితే ఆ మందు ఎర్రబడేది. తీసిన కడ్డీని మెడలోని తువ్వాలుతో తుడిచేవాడు.

వానాకాలం ముందు ఓ శనివారం, మేనేజరునని నా దగ్గరికొచ్చాడు. "అడుగున నీళ్లున్నయి సార్. రేపు బండ్లన్నీ ఆగుతయి, ట్యాంకు కడుగుదాం."

"రేపు చర్చిలో ఆరాధన, నేనే బోధించాలి. దేవుడు చూసుకుంటాడులే," అన్నాను.

ఆ ఆదివారమే, నూనె తెచ్చుకోక పెండ్లి విందుకు దూరమైన కన్యకల కథ చెప్పి, దీపాలకు నూనె ముందే సిద్ధం చేసుకోవాలని సంఘానికి బోధించాను.

వానలు పడ్డాక, డీజిల్‌లో నీళ్లు కలిసి మూడు లారీలు మద్దేడ్ దగ్గర ఆగిపోయాయి. "ఇతను నీకు చెప్పలేదా?" అని యజమాని అడిగాడు. లేదన్నాను.

డీజిల్ చూసుకునే ఆయన నన్నొకసారి చూశాడు. ఆయన పని పోయింది. వెళ్లేముందు కడ్డీ తుడిచి నా చేతికిచ్చాడు.

"పొద్దున్నే చూడుండ్రి సార్, మరువకుండ్రి."

దీపాల గురించి మళ్లీ బోధించలేకపోయాను.