నూగు లేని గింజలు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. నీకు తెలియదని చెప్పినవాళ్లతో వాదించేదాన్ని కూడా. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, గుంటూరు దగ్గర పత్తి పరిశోధన చేసేచోట ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. (దాన్ని పొడిగించడం మా సారు చేతిలో ఉంది. అయినా ఆయనతో వాదించని రోజు లేదు.) పత్తి ఒలిచాక గింజను అంటుకుని పొట్టి నూగు మిగులుతుంది చూడండి, అది గింజ పైపొర కణాలు సాగి మొలిచిన వెంట్రుకలే. ఏ కణం సాగాలో, ఏది ఊరుకోవాలో జన్యువులు చెబుతాయి. నూగు రకాన్నీ నున్నటి రకాన్నీ కలిపితే, మనవల తరంలో మూడొంతుల మొక్కలకు నున్నటి గింజలూ ఒక వంతుకు నూగు గింజలూ వస్తాయని సారు అంచనా. సోమవారానికి లెక్క తేలిస్తే ఉద్యోగం ఇంకో ఏడాది.

మొక్కకో పొట్లం చొప్పున కూలీలు ఒలిచి కట్టిన గింజలను, అక్కడ లెక్కపెడదామని సంచిలో వేసుకుని, శనివారం ఒంగోలు దగ్గర మా నాయనమ్మ ఊరు వెళ్లాను. అక్కడ తిన్నాను, పడుకున్నాను. సోమవారం ఆఫీసులో పొట్లాలు విప్పితే ప్రతి గింజా నున్నగా ఉంది. ఇంకేం, సారు అంచనా తప్పనీ, నూగునే అణిచేసే కొత్త జన్యువు దొరికిందనీ గంటసేపు వాదించాను. ఈ పచ్చ మరకేమిటని ఆయన అడిగితే, అది ఆ జన్యువు రెండో లక్షణమన్నాను. ఆయన నిదానంగా గింజను ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"జన్యువుకి పేడ వాసన రాదమ్మా."

నాయనమ్మ పక్కింటికి ఫోను చేసి ఆవిడను పిలిపించాను.

"విత్తనాలకి తెచ్చావనుకున్నానే. నూగుతో ఇత్తితే గింజలు ముద్దగా పడవూ? పేడా బూడిదా వేసి రుద్ది ఆరబెట్టా. ఏ పొట్లంవి ఆ పొట్లంలోనే పోశాలే, నీ చదువు చెడకుండా. అంత చదివి ఆ మాత్రం తెలవకపోతే ఎట్టా?"

అదృష్టం, చేలో ప్రతి మొక్కకూ చివరి కాయలు రెండు మూడు మిగిలి ఉన్నాయి. రెండు రోజులు ఎండలో నేనే ఏరాను. కూలికొచ్చిన ఆడవాళ్లకు అప్పటికే కథ తెలిసిపోయింది; పేడ తట్ట తెమ్మంటావా అమ్మాయ్ అని ఒకావిడ పరామర్శించింది కూడా. లెక్క సారు చెప్పినట్టే వచ్చింది. నా చేత తప్పు ఒప్పించకుండానే ఆయన ఉద్యోగం పొడిగించారు.

ఇప్పుడు కాలేజీలో ఈ పాఠం నేనే, చేతిలో పత్తి గింజ పట్టుకుని చెబుతున్నాను. మొన్న వెనక బెంచీ అమ్మాయి లేచి, తను తెచ్చిన గింజ నా చేతిలో పెట్టి, మీరు చెప్పింది తప్పు మేడమ్ అంది. గంట కొట్టేదాకా వాదించుకున్నాం. అందరూ వెళ్లాక, ఆ పిల్ల ఇచ్చిన గింజను ఒకసారి వాసన చూశాను. తర్వాత, నాదీ.