నా చేతులు చూడండి

ఇన్నేళ్ళూ ఇది ఎందుకు రాయలేదంటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. నోటితో చెప్పే ధైర్యం లేదు. ఇంకొకరి చేత రాయించాలంటే ముందు వాళ్ళకి చెప్పాలి కదా. యాభై ఏడో ఏట, పొదుపు సంఘం గదిలో మధ్యాహ్నాలు పలక పట్టుకుని నేర్చుకున్నాను. తమ పేరు రాయడం రాగానే కొందరు మానేశారు. నేను మానలేదు. పదిహేనేళ్ళుగా గుండె మీద ఉన్నదాన్ని దించుకోవాలని.

మాది వినుకొండ వైపు ఊరు. కోతలయ్యాక కల్లాల్లో మిరపకాయలకు తొడిమలు తీసేవాళ్ళం. ఎర్రటి కుప్ప చుట్టూ పదిహేను మందిమి, ముక్కులకు కొంగులు కట్టుకుని, తుమ్ముతూ నవ్వుతూ. నా పక్కన ఎప్పుడూ మా పక్కింటి మస్తాన్‌బీ అక్క. సాయంత్రానికి అరచేతులు భగ్గున మండేవి. తన ఇంట్లో ఉన్న కాస్త పెరుగులో సగం తెచ్చి నా చేతులకే పూసేది అక్క. ఎక్కడైనా ఆ ఘాటు తగిలితే ఇప్పటికీ కాసేపు నిలబడిపోతాను.

రెండువేల సంవత్సరం దాటాక, ఇంటింటికీ తిరిగి సబ్బులు, క్రీములు అమ్మే కంపెనీలో చేరాను. అమ్మడం కన్నా మనుషుల్ని చేర్చడం ముఖ్యమన్నారు. గుంటూరులో మీటింగులు. ఫ్యాను కింద కుర్చీ, వేడి ఉప్మా, చప్పట్లు, భుజాన మెరూన్ రంగు బ్యాగు. జీవితంలో మొదటిసారి నన్ను 'గారు' అన్నది అక్కడే. ఎలా మర్చిపోను? చదువు లేనిదాన్ని, ఏం చెప్పి చేర్చను అని అడిగితే, నన్ను చేర్చిన మా పై మేడం నా అరచేతులు తిప్పి చూసి, "ఇవి చూపించండి చాలు" అంది.

చూపించాను. కల్లాల దగ్గరికి వెళ్ళి, "నా చేతులు చూడండి, ఈ క్రీము చలవే" అన్నాను. నా పాత చేతులు వాళ్ళందరికీ తెలుసు. కానీ ఆ ఏడాది నేను ఒక్క కాయ కూడా ముట్టలేదు. మంట పోయింది పని మానినందుకు. ఆ సంగతి ఒకామె అడిగితే, మానకముందే తగ్గిందన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

అందరికన్నా ముందు డబ్బు కట్టి చేరింది అక్కే. ఆమెను చూసి మిగతావాళ్ళు చేరారు. నెల తర్వాత అక్క వాకిట్లో నన్ను ఆపి, పగిలిన అరచేతులు చాపింది.

"ఏమే, నీకు తగ్గింది గదా, నాకెందుకు తగ్గట్లేదే?"

"నువ్వు సరిగ్గా పూసుకోవట్లేదక్కా. ఓపిగ్గా రుద్దాలి."

"అంతేనంటావా? నాది మోటు చెయ్యిలేవే. దోసె తిప్పినా చిరుగుద్దంటాడు మా ఆయన."

నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? వచ్చే వారం నన్ను స్టేజీ ఎక్కిస్తామన్నారు, ఆరుగుర్ని చేర్చినందుకు. అదే నా కళ్ళ ముందుంది.

తర్వాత ఒకరోజు కల్లం గట్టున నడుస్తూ అక్క గొంతు విన్నాను. ఎవరో నన్ను తిడుతుంటే, "మా చెల్లెలు అబద్ధమాడదు. మనకే పూసుకోవడం చేతగాలా" అంటోంది. వెనక్కి తిరిగి వచ్చేశాను. ఏడాదికల్లా ఆ కంపెనీ మా వైపు రావడం మానేసింది. అందరూ మర్చిపోయారు. అక్క మాత్రం ఇప్పటికీ, "మంచి క్రీమేగానీ, నాకే ఓపిక లేకపోయింది" అంటుంది.

ఆమెను మోసం చేసినందుకు ఎక్కువ సిగ్గా, ఆ మోసాన్ని ఆమె తప్పుగా మార్చినందుకా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా రెండోదే.

నిన్న ఇక్కడిదాకా రాశాను. ఈ ఉదయం కాగితం పట్టుకుని కల్లానికి వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను. ఆమెకు చదవడం రాదు. వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. అక్క తొడిమలు తీస్తూనే ఉంది. అయిపోయాక కూడా తలెత్తలేదు.

"సరిగ్గా పూసుకోవట్లేదన్నావే, ఆ ముక్క మళ్ళీ చదువు" అంది.

మళ్ళీ చదివాను. ఈసారి తడబడలేదు.