కాలువ గట్టు మీద మామ్మ ఇప్పించిన దారి

మా మామ్మ పోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను బయటి దేశంలో, మోకాలి లోతు మంచున్న ఊళ్ళో, స్కీలకి మైనం రాసుకుంటున్నాను. ఫోన్ చేసింది మామ్మ కూతురు. నేను పిన్ని అని పిలుస్తాను.

"పొద్దున్నే టీ తాగిందిరా. గ్లాసు కింద పెట్టింది. అంతే."

"వచ్చేస్తాను పిన్నీ."

"నువ్వొచ్చేసరికి సమాధి కూడా అయిపోద్ది. ఎల్లుండేగా నీ రేసు?"

"ఆ."

"మరింకేంటి? అమ్మయితే రానిచ్చేదా నిన్ను? గుమ్మంలోంచే తిట్టి పంపేది."

అది నిజం. అందుకే ఆగిపోయాను. ఆ రేసు నాకు ఆఖరి అవకాశం. అందులో తగిన టైంలో వస్తే శీతాకాలపు పెద్ద పోటీలకి అర్హత వస్తుంది. రాకపోతే మళ్ళీ నాలుగేళ్ళు.

మామ్మ నాకు చుట్టం కాదు. నిడదవోలు దగ్గర మా ఊళ్ళో, కాలువ గట్టు మీద, మాకు ఎదురిల్లు. ఊరంతా ఆవిడని మామ్మ గారనే అనేవారు. నాకు మటుకు ఉత్త మామ్మ.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. ఒక చోట కుదురుగా కూర్చోవడం నా వల్ల కాదు. కొన్నాళ్ళు కాకినాడ హార్బర్లో ఐసు పెట్టెలు మోశాను. తర్వాత ఎవరో తీసుకెళితే ఉత్తరాదిన కొండల్లో ఒక హోటల్లో వంటవాడికి సాయంగా చేరాను. అక్కడే మొదటిసారి మంచు చూశాను. పక్కనే పిల్లలకి స్కీయింగ్ నేర్పే ఒక మాస్టారు ఉండేవారు. గిన్నెలు తోమడం అయ్యాక ఆయన పాత స్కీలు తొడుక్కుని తిరిగేవాణ్ణి. కొండలెక్కుతూ దిగుతూ మైళ్ళకి మైళ్ళు వెళ్ళే ఆట అది. వీడి కాలు నిలవదు అని మా ఊరు నా మీద వేసిన ముద్ర అక్కడ చక్కగా పనికొచ్చింది.

కొండల్లో మంచు కరిగిపోయాక, రోడ్డు మీద తొడుక్కునే చక్రాల స్కీలతో ఇంటికొచ్చాను. కోతల దాకా ఊళ్ళోనే ఉండి తయారవ్వాలని నా ఆలోచన. మా కాలువ గట్టు రోడ్డు బల్లపరుపుగా, నున్నగా ఉంటుంది. అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. సార్వా వరి కోతలప్పుడు ఆ రోడ్డు మీద ఏముంటుందో మా ఊళ్ళో పుట్టినవాడినై ఉండి కూడా మర్చిపోయాను.

ధాన్యం ఉంటుంది. రోడ్డు పొడవునా ఆరబోసి ఉంటుంది.

మలుపు తిరిగి చూసేసరికి ఎదురుగా బస్సు, ఇటుపక్క మామ్మ ధాన్యం. నేను ధాన్యాన్నే ఎంచుకున్నాను. చేతి కర్రలు ఒక వైపు, నేను ఒక వైపు. లేచేసరికి నెత్తి మీద మామ్మ.

"ఏరా, ఇంత రోడ్డుంటే నీకు నా ధాన్యమే దొరికిందా?"

"వీటికి బ్రేకులుండవు మామ్మా."

"బ్రేకుల్లేనివి తొడుక్కుని రోడ్డెక్కడమేంట్రా ఎదవా! ముందు అవి విప్పు. ఈ చివర్నించి ఆ చివర దాకా మొత్తం తిరగెయ్."

రోడ్డు మీద ధాన్యం తిరగేసేది కాళ్ళతోనే. వరసగా నడుచుకుంటూ చాళ్ళు తీస్తారు, అడుగు గింజ పైకొస్తుంది. నేను మామూలుగా నడిచాను.

"కాలెత్తకురా! ఎత్తి వేస్తే గింజ తొక్కేస్తావు. ఈడ్చు."

ఈడ్చాను. అదీ నచ్చలేదు. చీర కుచ్చెళ్ళు పైకి దోపి తనే దిగింది. మోకాలు కొంచెం వంచి, ఒళ్ళంతా ఒక కాలి మీద మోపి, రెండోది ముందుకి జార్చింది. తర్వాత ఈ కాలు. మళ్ళీ ఆ కాలు. తొందర లేదు, తడబాటు లేదు.

నేను అలా చూస్తూ ఉండిపోయాను. బరువు ఒక్క కాలి మీద వెయ్యరా అని కొండల్లో మాస్టారు శీతాకాలమంతా హిందీలో అరిచారు. నా చెవికి ఎక్కింది గానీ కాలికి దిగలేదు. మంచు మీద నేను జారుతున్నాననుకుంటూ నడిచేవాణ్ణి. ఆ రోజు మామ్మ వెనకాలే అడుగులో అడుగు వేస్తూ రోడ్డు చివరికి వెళ్ళేసరికి నా కాళ్ళకి సంగతి అర్థమైంది.

"మామ్మా, మా మాస్టారు చెప్పింది ఇదే! నీ దగ్గర వచ్చేసింది నాకు."

"వస్తే మంచిదే. రేపు కూడా రా. ఇంకా తడి ఆరలేదు."

ఆ కోతల్లో సగం గట్టు ధాన్యం నేనే తిరగేశాను. పొద్దున ధాన్యం, సాయంత్రం చక్రాలు. అయితే సాయంత్రం చక్రాలకి రోడ్డు మిగలాలి కదా. అది మామ్మే ఇప్పించింది. ఇంటింటికీ వెళ్ళి అడిగింది.

"కొంచెం లోపలికి జరిపి పోసుకోండి, మా వాడు వెళ్ళాలి" అంటే ఒక రైతు గారు ఒప్పుకోలేదు.

"వాడి ఆటకోసం మేం ధాన్యం కాలవలో పోసుకోమంటారా ఏంటండీ?"

"కాలవలో ఎందుకండీ? మీ ఇంటి వైపు జరపండి. మూరెడు జరిగితే మీ ఎకరాలు తరిగిపోవులెండి."

ఆయన గొణుక్కుంటూనే జరిపారు. ఆయన జరిపాక మిగతావాళ్ళూ జరిపారు. గట్టు మీద రోడ్డు అంచున సన్నటి నల్లటి దారి మిగిలింది. ఒక పక్క పసుప్పచ్చటి ధాన్యం, ఇంకో పక్క కాలవ నీళ్ళు. ఆ తర్వాత చాలా దేశాల్లో యంత్రాలతో చదును చేసిన మంచు దారులు చూశాను. అంత మర్యాదగా ఎవరూ నాకు దారి ఇవ్వలేదు.

మామ్మ వాళ్ళు లూథరన్ క్రైస్తవులు. ఒక ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రార్థన మనవులు అడిగితే మామ్మ లేచి నిలబడింది. పిన్నే నాకు చెప్పి నవ్వింది.

"మా ఎదురింటి అబ్బాయి కోసమండి. మంచు బాగా కురవాలని ప్రార్థన చేయండి."

వెనక బెంచీలోంచి ఒకాయన కంగారుగా లేచారట. "మామ్మ గారూ, ధాన్యం రోడ్డు మీదుందండి! ఆ ఒక్క ప్రార్థనా వద్దండి బాబూ!"

"ఇక్కడ కాదయ్యా, హిమాలయాల్లో."

"ఎక్కడ ఏం కురిపించాలో ప్రభువుకి తెలుసులెండి" అని పాస్టరు గారు నవ్వు ఆపుకుంటూ కళ్ళు మూసుకున్నారట. ఆ ఏడు మంచు బాగానే కురిసింది. ధాన్యమూ దక్కింది.

నా రేసులు మామ్మకి మొదట్లో అర్థమయ్యేవి కావు. నేను ఎప్పుడూ వెనకనుంచి మొదటివాడినే. పుడుతూనే మంచు మీద నడిచినవాళ్ళ పక్కన మనం పరిగెడితే అంతే మరి.

"మరి ఓడిపోడానికి అంత దూరం ఎందుకురా?"

"గెలవక్కర్లేదు మామ్మా. మొదటివాడు వచ్చాక మరీ ఆలస్యం చెయ్యకుండా వచ్చెయ్యాలి. అలా కొన్ని రేసులు వస్తే పెద్ద పోటీలకి పిలుస్తారు."

"అంటే అన్నం చల్లారేలోపు రావాలి. అంతేనా?"

అర్హత నియమాలు అంతకంటే తేలిగ్గా ఇంకెవరూ చెప్పలేదు. అప్పటినుంచి ప్రతి రేసు తర్వాతా ఫోన్లో ఒకటే ప్రశ్న. "చల్లారిందా, వేడిగా ఉందా?" గోరువెచ్చగా ఉంది మామ్మా అనేవాణ్ణి. "పర్లేదు, తినొచ్చు" అనేది. పూర్తిగా చల్లారిన రోజుల్లో మాత్రం ఆట గురించి ఎత్తేది కాదు. అక్కడ చలి ఎంతుంది, చెవులకి గుడ్డ కట్టుకున్నావా అని అడిగి పెట్టేసేది. ఆ రోజు రాత్రి నాకు బాగా నిద్ర పట్టేది.

ఈ మధ్య కాళ్ళ వాపు వచ్చి మామ్మ అరుగు దిగడం మానేసింది. నేను బయల్దేరేటప్పుడు చెయ్యి పట్టుకుని, "నువ్వు వెళ్తావురా పెద్ద పోటీకి. నాకేం అనుమానం లేదు" అంది. ఉత్తుత్తి మాట చెప్పే మనిషి కాదు.

రేసు రోజున పొద్దుటినుంచీ మంచు పడుతూనే ఉంది. ఎక్కుడులో బాగా లాగాను. బల్లపరుపులో ఇద్దర్ని దాటాను. అంతకు ముందు ఎప్పుడూ ఎవర్నీ దాటలేదు. దిగుడులో ఒకసారి పడ్డాను. డెల్టా వాళ్ళకి దిగుడు ఎక్కడ అలవాటవుతుంది? లేచి, ఊపిరి అందక నోరు తెరుచుకునే ముగింపు గీత దాటి, అక్కడే మంచులో పడిపోయాను.

మాలాంటి వేడి దేశాల వాళ్ళం ప్రతి రేసులోనూ చివర్లో కలుస్తాం. ఒకడిది సముద్రం మధ్య దీవి, ఇంకొకడిది ఎడారి. వాళ్ళిద్దరూ నన్ను లేపి నిలబెట్టారు. బోర్డు మీద మా టైములు రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక దీవివాడు నాకంటే ముందు చదివి, నా వీపు మీద చరిచి అరిచాడు.

అర్హత వచ్చింది.

నేను నవ్వుతున్నాననే అనుకున్నాను. ఎందుకు ఏడుస్తున్నావని ఎడారివాడు అడిగాడు. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను. మా ఎదురింటి పెద్దావిడ మొన్న పోయింది, నిన్న సమాధి చేశారు, నేను అక్కడ లేను.

దీవివాడు టోపీ తీశాడు. ఎడారివాడూ తీశాడు. నేనూ తీశాను. జనం వెళ్ళిపోతున్నారు, లోపలికి రండని ఎవరో పిలుస్తున్నారు. ముగ్గురం కదల్లేదు. మంచు మెల్లగా పడుతూ ఉంది. మా నల్లటి తలలు మూడూ తెల్లబడేదాకా అలాగే నిలబడ్డాం.