ఎర్ర దీపాల స్వాగతం

మా ఆయనది ఆదోనిలో పత్తి వ్యాపారం, పిచ్చి మాత్రం రైలు దీపాలది. గార్డులు చేత్తో ఊపే పాత లాంతరు ఏ ఇనుప అంగట్లో కనబడినా ఇంటికి మోసుకొచ్చేవాడు. పైన పిడి తిప్పితే లోపలి అద్దం మారి వెలుగు తెల్లగానో, ఎర్రగానో, పచ్చగానో వస్తుంది. వాటి మసి తుడవడం, చింతపండుతో తోమడం ఎవరి వంతు? నాదే!

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మాట. గార్డు పని చేసి దిగిపోయిన ఒక పెద్దాయన ఎమ్మిగనూరులో కూతురింట్లో ఉండేవాడు. ఆయన దగ్గర వాళ్ళ నాయన కాలం నాటి ఇత్తడి దీపం ఉంది. దాని కోసం మా ఆయన ఎన్నిసార్లు బస్సెక్కాడో! ప్రతిసారీ ఉత్తచేతులతో వచ్చి కంచం ముందు నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పులు భరించలేక ఒకసారి నేనూ వెంట పోయాను.

"గోడకు తగిలిచ్చుకునేకి నా దీపమెందుకప్పా?" అన్నాడు పెద్దాయన, ఆ ఇంటి మగ్గాల చప్పుడును మించి అరుస్తూ. "దీపమంటే వెలగల్ల. శుక్రవారం సాయంత్రం మీ ఇంటికొచ్చి సూస్తా. నచ్చితే ఇస్తా. ల్యాకుంటే ఇంగ అడగొద్దు."

ఇక ఆ శుక్రవారం దాకా మా ఆయనకు అన్నం సహించలేదు.

ఆ రోజు మా ఆయన పెద్దాయన బస్సుకు ఎదురుపోగానే నేను దీపాలన్నీ వెలిగించి వాకిలికి రెండు పక్కలా వరసగా పెట్టాను. ఏ రంగు తిప్పాలి? శుభమా అని పెద్దమనిషి ఇంటికొస్తున్నాడు, కుంకుమ రంగు కంటే మంచిదేముంది? అన్నింటినీ ఎర్రకు తిప్పాను. ముగ్గు మీద ఆ వెలుగు పడితే నాకే ముచ్చటేసింది.

పెద్దాయన వచ్చాడు, చంకలో గుడ్డ చుట్టిన దీపంతో. గడప ముందు టక్కున ఆగిపోయాడు.

"రాండి, లోపలికి రాండి" అన్నాను. కదల్లేదు. మా ఆయన చేతులు జోడించాడు. ఊహూఁ! నచ్చలేదు కాబోలు, అంతా అయిపోయిందనుకున్నాను. మా ఆయన మొహం చూస్తే ఏడుపొచ్చింది.

"మా వల్ల ఏం తప్పు జరిగిందప్పా?" అని అడిగేశాను.

"ఎట్ల వచ్చేది తల్లీ? నౌకరీ అంతా ఎర్రదీపం దాటి ఎరగను. ఈడ ఒగటి గాదు, వరసగా పెట్టినావే!"

నాలిక కరుచుకొని ఒక్కోటీ పచ్చకు తిప్పాను. చివరిది తిప్పేదాకా ఆయన అడుగు వేయలేదు. లోపలికొచ్చాక నవ్వాడు చూడండి, పొట్ట పట్టుకొని! మేమూ ఆగలేకపోయాం.

ఉగ్గాని, బజ్జీ తిన్నాక గుడ్డ విప్పాడు. మా ఆయన రెండు చేతులూ చాచాడు. పెద్దాయన ఆ చేతుల వంక చూడనైనా చూడకుండా దీపం తెచ్చి నా ముందు పెట్టాడు.

"వెలిగిచ్చింది నువ్వు. ఇది నీది తల్లీ. ఆయప్పకియ్యొద్దు."

దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. ఆ ఇంట్లో నాదని చెప్పుకునే వస్తువు అంతకు ముందు ఒకటి ఉండిందా?

అది వంటింటి గడప దగ్గర పెట్టుకున్నాను. రోజూ వెలిగిస్తాను. మా ఆయనతో మాట పట్టింపు వచ్చిన రోజు ఎర్రకు తిప్పుతాను. మార్కెట్లో అందరినీ గదమాయించే మనిషి ఆకలితో గడప అవతలే నిలబడి బతిమాలుతాడు.

"ఇంగ పచ్చ తిప్పవే!"

తిప్పుతాను, కాసేపాగి.