పెద్దావిడ వైపు తిరగని టిక్కెట్టమ్మ

సాలీడంటే చచ్చేంత భయం ఉన్న మనిషిని తీసుకెళ్ళి సాలీడు గదిలో నిలబెట్టడం ఎవరి తెలివో గానీ, ఆ తెలివికి ఫలితం అనుభవించింది మాత్రం టిక్కెట్టమ్మే. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆమెకు ఒకటి ఉండే ఉంటుంది. జంతుశాలలో దాన్ని పలికిన పాపాన పోయినవాడు లేడు. గేటు పక్క కిటికీలో కూర్చుని ఏళ్ళ తరబడి టిక్కెట్లు చించి ఇచ్చిన మనిషి కాబట్టి, అక్కడి నుంచి బయటికి లాగేశాక కూడా ఆమె టిక్కెట్టమ్మగానే మిగిలిపోయింది.

ఆ కిటికీ ఆమె రాజ్యం. చెయ్యి పట్టేంత కన్నం, తిరిగినంతసేపూ కిర్రుమనే ఫ్యాను, పాత చీర మడిచి తనే కుట్టుకున్న దిండు వేసిన స్టూలు. జనం అటు, తను ఇటు, మధ్యన అద్దం. పురుగూ పుట్రా చేరకుండా మూలమూలా తనే తుడుచుకునేది. "వీడికి ఐదేళ్ళు నిండలేదా? మీసాలొస్తున్నాయి కదమ్మా!" అని ఆమె అంటే ఆ గొంతు బస్సు ఆగే చోటిదాకా వినబడేది. చివరికి ఆ గొంతే ఆమె కొంప ముంచింది.

ఎడారి జీవుల గదిలో జనానికి వాటి సంగతులు చెప్పే కుర్రాడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. సూపరింటెండెంటు టిక్కెట్టమ్మను పిలిపించాడు.

"నీ గొంతు బాగుంటుంది. రేపట్నుంచి అక్కడ నువ్వు చెప్పు."

"నాకు సాలీడంటే భయమండీ."

"అద్దం లోపల ఉంటుందమ్మా అది."

"చూడ్డానికే భయమండీ."

"అయితే చూడకు. చెప్పు."

ఆయన ఆ మాట నవ్వుతాలుకు అన్నాడు. టిక్కెట్టమ్మ దాన్ని అక్షరాలా పాటించింది.

ఆ భయం ఇవాళ్టిది కాదు. చిన్నప్పుడు వాన మొదలైందని మూలనున్న గొడుగు తీసి నెత్తి మీద తెరిచింది. అందులోంచి ఇంత లావు సాలీడు నేరుగా ముఖం మీద పడి, ముక్కు మీంచి నడిచి, మెడ మీదుగా గౌనులోకి దిగింది. అంతే. అప్పట్నుంచి గొడుగు తెరవాలంటే చెయ్యి బారెడు చాపి, ముఖం అటు తిప్పుకుని తెరిచేది. పక్కన ఎవరుంటే వాళ్ళ ఖర్మ. ఇంట్లో బూజు దులపడం ఆమె కాపురానికొచ్చిన నాటినుంచీ అత్తగారి పనే. "కోడలొచ్చినా నాకు బూజుకర్ర తప్పలేదు" అని ఆవిడ చుట్టాలందరికీ చెప్పుకునేది.

ఎడారి గదిలో మసక వెలుతురు, ఒకటే ఉక్క. గోడల పొడవునా అద్దాల తొట్లు. తేళ్ళూ బల్లులూ పెంకు పురుగులూ వాటిలో ఉంటాయి. నట్టనడుమ పెద్ద తొట్టిలో ఉంటుంది అసలుది. అరచేయి చాలనంత సాలీడు, ఒళ్ళంతా నూగు. దాన్ని సాకే కీపరు 'పెద్దావిడ' అనేవాడు. "పెద్దావిడ ఇవాళ మిడతను వద్దంది", "పెద్దావిడకు చిరాగ్గా ఉంది" అంటూ ఇంట్లోవాళ్ళ గురించి చెప్పినట్టు ముద్దుగా చెప్పేవాడు. వింటుంటే టిక్కెట్టమ్మకు ఒళ్ళు మండేది.

ఆమె తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. నేల మీది పలకలు చూసుకుంటూ పెద్ద తొట్టి దాకా వెళ్ళి, గిర్రున తిరిగి, దానికి వీపు పెట్టి నిలబడేది. చెప్పాల్సిందంతా జనం ముఖాలకేసి చూస్తూ గడగడా చెప్పేసి, మళ్ళీ పలకలు చూసుకుంటూ బయటపడేది. మాట్లాడినంతసేపూ వీపు మీద ఏవో పాకుతున్నట్టే ఉండేది. ఇదేమీ తెలియని సూపరింటెండెంటు, "చూడండి, జనం కళ్ళలోకి చూస్తూ ఎంత చక్కగా చెబుతుందో!" అని మిగతా గదులవాళ్ళను పిలిచి మరీ చూపించాడు. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది.

చెప్పాల్సిన సంగతులన్నీ కీపరు నోటినుంచి విని, సాయంత్రం ఇంటికొచ్చి అత్తగారికి ఒప్పజెప్పేది. ఆవిడ కూరగాయలు తరుగుతూ వినేది. కోడలు తడబడితే కత్తి ఆగేది.

"ఒక రకం బల్లి ఉందట అత్తయ్యా. ఏదైనా మీదికొస్తే కళ్ళలోంచి రక్తం చిమ్ముతుందట."

"కోపమొస్తే నీ కళ్ళూ అంతేగా. తర్వాత?"

"చీకట్లో ఒక రకం ఊదారంగు దీపం వేస్తే తేలు ఒళ్ళంతా మెరుస్తుందట. ఎందుకు మెరుస్తుందో పెద్ద పెద్ద చదువులవాళ్ళకే ఇంకా సరిగ్గా తేలలేదట."

"పోనీ, దానికన్నా తెలుసా?"

"ఏమో! ఒంటె సాలీడని ఇంకొకటి ఉందట. మనుషుల వెంటపడి ఉరుకుతుందట. కరవడానిక్కాదట, ఎండకు తాళలేక మన నీడ కోసమట."

"పాపం" అంది అత్తగారు.

"పాపమేంటత్తయ్యా! అది వెంటపడితే నా గుండె ఆగిపోదూ? నీడ కోసం వస్తోందని నాకెవరు చెప్తారు అప్పుడు?"

కోడలి బాధ కోడలిది, అత్తగారి సరదా అత్తగారిది. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే "ఇవాళేం తెలిసింది?" అని తయారయ్యేది ఆవిడ. సాలీడు ఒంట్లోని ద్రవం ఒత్తిడితో కాళ్ళు చాపుకుంటుందనీ, ప్రాణం పోతే ఆ ఒత్తిడీ పోయి కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుంటాయనీ విన్నరోజున ఆవిడ తరిగే వంకాయ పక్కన పెట్టి, తన వేళ్ళు ముడిచి, చాపి, మళ్ళీ ముడిచి చూసుకుంది. టిక్కెట్టమ్మ ఆ చేతికేసి చూడలేక వంటింట్లోకి పారిపోయింది.

సంగతి తెలిస్తే భయం పోతుందని కీపరు అనేవాడు. శుద్ధ అబద్ధం. తెలియనప్పుడు ఊరికే భయపడేది. తెలిశాక ఏ కాలితో ఏం చేస్తుందో, పొట్ట మీది నూగును ఎలా విదిలిస్తుందో అన్నీ తెలిసి మరీ భయపడాల్సి వచ్చింది. స్నానం చేస్తున్నా, అన్నం వారుస్తున్నా బుర్ర నిండా కాళ్ళే. తల ప్రాణం తోకకొచ్చింది ఆమెకు.

నెలకోసారైనా సూపరింటెండెంటు గుమ్మం తొక్కేది. "నన్ను కిటికీలోకి పంపెయ్యండి సార్" అని.

"పెద్దావిడ ఉన్నన్నాళ్ళూ ఆ గది నడుస్తుందమ్మా. జనం వచ్చేదే దానికోసం. అది పోతే గది మూసేసి, మిగతావాటిని పాముల ఇంట్లో కలిపేస్తాను. అప్పుడు నువ్వు నీ కిటికీలోకే పోదువుగాని."

ఆ ఆశతో కీపరును అడిగింది, ఇవి ఎన్నాళ్ళు బతుకుతాయని. మగవైతే తొందరగా పోతాయనీ, ఆడవి ఇరవై ఏళ్ళు దాటి కూడా బతుకుతాయనీ, మన పెద్దావిడ ఇంకా నడివయసులోనే ఉందనీ చెప్పాడు వాడు, శుభవార్త చెబుతున్నట్టు.

"అప్పటికి నేను రిటైరైపోతాను కదయ్యా!"

"అవునక్కా. నీకు తోడుగా ఉంటుంది" అన్నాడు.

వాణ్ణి కొట్టడానికి చేతికి ఏమీ దొరకలేదు.

తర్వాత కీపరు హెర్నియా ఆపరేషనని సెలవు పెట్టాడు. పెద్దావిడ కొన్నాళ్ళుగా తిండి మానేసింది, నీళ్ళ గిన్నె ఒక్కటి చూస్తూ ఉండమని టిక్కెట్టమ్మకు చెప్పి వెళ్ళాడు. రోజూ పొద్దున్నే తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడి, కళ్ళకు అడ్డం పెట్టుకున్న వేళ్ళ సందులోంచి గిన్నె వైపు ఒక్క చూపు విసిరి తలుపు మూసేసేది. గిన్నెలో నీళ్ళు తళుక్కుమంటే చాలు, ఆ పూటకు గండం గడిచినట్టే.

ఒక పొద్దున్న వేళ్ళ సందులోంచి గిన్నె పక్కన ఇంకేదో కనబడింది. పెద్దావిడ వెల్లకిలా పడి ఉంది. లేత రంగు పొట్ట పైకి తేలి ఉంది. కదలడం లేదు.

గుండె గుభేలుమంది. ఆ వెంటనే, చెప్పుకోడానికి సిగ్గేసేంత సంతోషం వేసింది. పీడ విరగడైంది! తలుపు మూసేసి ఒక్క పరుగున వెళ్ళి ఊడ్చే ఆమెను పట్టుకొచ్చింది. ఊడ్చే ఆమె చేటను ఇసుక కిందికి పోనిచ్చి, ఇసుకతో సహా సాలీడును ఎత్తి, ఒక అట్టపెట్టెలోకి జార్చింది.

"ఇంకా మెత్తగానే ఉన్నట్టుందే" అంది.

"ఇప్పుడే పోయుంటుంది" అంది గుమ్మం బయట గోడకేసి తిరిగి నిలబడ్డ టిక్కెట్టమ్మ. "వెనకాల చెత్తకుండీ దగ్గర పెట్టెయ్. బండి వస్తుందిగా."

సూపరింటెండెంటు ఫోన్లో ఉన్నాడు. "చచ్చిపోయిందా? అయ్యో" అని ఫోను చెవికి పెట్టుకునే, గోడకున్న మేకు మీంచి కిటికీ తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇవాళ్టికి వచ్చినవాళ్ళకు మిగతావాటి సంగతులు చెప్పేసెయ్. రేపట్నుంచి మూసేద్దాం."

తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుని ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, పెద్దావిడ పోయింది! రేపట్నుంచి నా కిటికీలోకే."

"అలాగా. కొన్నాళ్ళుగా తిండి మానేసిందన్నావు. పాపం. మరి రేపట్నుంచి సాయంత్రాలు నాకేం చెప్తావే?"

ఎప్పుడూ ఈవిడకు ఆ పురుగు మీదే జాలి, కోడలి మీద కాదు. టిక్కెట్టమ్మ విసురుగా ఫోన్ పెట్టేసింది.

జనం వచ్చారు. అలవాటు ప్రకారం పలకలు చూసుకుంటూ వెళ్ళి, గిర్రున తిరిగి, ఖాళీ తొట్టికి వీపు పెట్టి నిలబడింది. వెనకాల ఏమీ లేదు కదా, ఈ ఒక్కరోజన్నా హాయిగా చెబుదామనుకుంది. బల్లి గురించి చెప్పింది, తేలు గురించి చెప్పింది. నోటికి వరస అలవాటైపోయింది. తేలు తర్వాత సాలీడే వస్తుంది. లేని సాలీడు గురించి కూడా నోరు దాని దారిన అది చెప్పుకుపోయింది.

"ఇది ఎదగాలంటే పాత చర్మం విడిచిపెట్టాలి. ఆ ముందు కొన్నాళ్ళు తిండి మానేస్తుంది. తర్వాత కాళ్ళు చాపుకుని వెల్లకిలా పడుకుంటుంది. చచ్చిపోయిందనుకుని పారేస్తారు చాలామంది. నిజంగా చచ్చిపోతే కాళ్ళు లోపలికి ముడుచుకుని..."

అక్కడ ఆమె నోరు ఆగిపోయింది.

కాళ్ళు ముడుచుకున్నాయా, చాపుకుందా? చూడలేదు. వేళ్ళ సందులోంచి పొట్ట చూసి తలుపు మూసింది. పెట్టెలోకి ఎత్తుతుంటే గోడకేసి తిరిగింది. వెయ్యిసార్లు చెప్పిన ముక్క, వెయ్యిసార్లూ వీపు పెట్టి చెప్పిన ముక్క! వెనక దారిలో చెత్తబండి వస్తున్న చప్పుడు వినబడుతోంది.

గుప్పిట్లో తాళంచెవి చెమటకు తడిసింది. ఎవరికి తెలుసు? కీపరు ఆసుపత్రిలో ఉన్నాడు. సూపరింటెండెంటు కనీసం పెట్టె తెరిచి చూడలేదు. ఊరికే నిలబడితే చాలు, తక్కిన పని బండి చేసుకుంటుంది. రేపు పొద్దున కిర్రుమనే ఫ్యాను కింద, తన దిండు మీద కూర్చోవచ్చు. ఆమెకు ఎంత కోపం వచ్చిందంటే, ఎవరిమీదో తెలియక తనను తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే జనాన్ని తోసుకుని వెనక తలుపులోంచి పరిగెత్తింది.

బండివాడు పెట్టె మీద చెయ్యి వేస్తున్నాడు. "ఆగు! దాన్ని కదపకు!" అని అరిచిన అరుపు బస్సు ఆగే చోటు దాటి పోయింది.

పెట్టె మూత తనే తీసింది. కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకోవడానికి ఈసారి చేతులు ఖాళీ లేవు. పెద్దావిడ కాళ్ళు చాపుకునే ఉంది. పై పెంకు అంచున చీలి, లోపలినుంచి పాలిపోయిన కొత్త కాలు ఒకటి, సన్నగా వణుకుతూ, పాత కాలులోంచి కొద్దికొద్దిగా బయటికి వస్తోంది. టిక్కెట్టమ్మ పెట్టె వదలలేదు.

చర్మం విడిచేటప్పుడు ఒళ్ళు పచ్చిగా ఉంటుంది, కుదుపు తగిలినా పోతుంది. అదీ తెలుసు, ఖర్మ! పరిగెత్తడానికి వీల్లేదు. ఎండలో నిండు గిన్నె మోస్తున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ, కన్నార్పకుండా దాన్నే చూసుకుంటూ, దారి పొడవునా తిడుతూనే ఉంది. "చావవేం నువ్వు? ఇరవై ఏళ్ళా? నా కిటికీ మింగేశావు కదే! కదలకు, కదలకు, వచ్చేశాం."

గదిలోకి వచ్చాక పెట్టెను పెట్టెగానే తొట్టిలో దించి, పక్కలు చింపి పరిచింది. ఈ గోల విని సూపరింటెండెంటు వచ్చాడు.

"చచ్చిందన్నావుగా?"

"చూడకుండా చెప్పానండీ."

"చూడకుండా ఎలా చెప్తావమ్మా?"

"మీరే కదండీ చూడకు, చెప్పు అన్నారు!" అంటూ తాళంచెవి ఆయన చేతిలో విసురుగా పెట్టేసింది. ఆయన దానికేసీ ఆమెకేసీ చూసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె తొట్టి వైపు తిరిగింది. భయం ఎక్కడికీ పోలేదు. కళ్ళ నీళ్ళు తిరుగుతున్నాయి. అవి భయంతోనో కిటికీ పోయిందనో ఆమెకే తెలియదు. ఇందాక వదిలేసి వెళ్ళిన జనం మళ్ళీ గుంపుగా చేరారు. వెనక వరసలోంచి ఎవరో విసుక్కున్నారు.

"ఏమ్మా, మాకు వీపు పెట్టి నిలబడితే ఎలా? ఇటు తిరిగి చెప్పండి."

"ఆగండి" అంది టిక్కెట్టమ్మ, అద్దం మీదినుంచి కళ్ళు తిప్పకుండా. "ఇంకో కాలు రావాలి."