ఎడ్వర్డ్ వేలి సాక్ష్యం

కౌకూర్‌లో గిటార్ ఎడ్వర్డ్ ఇల్లెక్కడ అంటే చిన్నపిల్లలైనా చూపిస్తారు. తాపీ పని చేసే తండ్రి కొనిచ్చిన పాత గిటార్‌తో మొదలుపెట్టి, చర్చిలోనూ పెళ్ళిళ్ళలోనూ వాయిస్తూ, శామీర్‌పేట దాకా తిరిగి కాలనీల పిల్లలకు నేర్పుతూ నలభై దాటాడు. ఇంకో పని చేతకాదు. నేర్చుకోవాలన్న ఆలోచనా ఎప్పుడూ రాలేదు. అలాంటి మనిషికి ఎడమచేతి ఉంగరపు వేలు ఎదురు తిరిగింది.

మామూలు పాటలకు బాగానే ఉండేది. రోజూ పొద్దున సాధన చేసే హార్మోనిక్ మైనర్ అనే స్వరశ్రేణి ఆర్పెజియోల దగ్గరే మొండికేసేది. స్వరాలన్నీ ఒక్కసారి మోగించకుండా, ఒక్కొక్కటిగా విడదీసి ఆరు తీగల మీదా పరుగెత్తించడమే ఆర్పెజియో. ఎ మైనర్‌లో ఆ పరుగు ఏడో స్వరానికి, అంటే సగం మెట్టు పైకెక్కించిన జి షార్ప్‌కు, చేరేసరికి వేలు తనంతట తానే అరచేతిలోకి ముడుచుకుపోయేది. బొల్లారంలో చూపించుకుంటే, లోపం వేలిది కాదు నరాలది, ఏడాది పాటు గిటార్ ముట్టొద్దు అన్నాడు డాక్టరు. ఏడాది ముట్టకపోతే తినేదేమిటో మాత్రం చెప్పలేదు.

ఎడ్వర్డ్ ఉపవాస ప్రార్థనలు పట్టాడు. ఒక ఆదివారం ఆరాధనకు ముందు తీగలు సరిచూసుకుంటూ ఆ ఆర్పెజియో వాయిస్తే, వేలు తెరుచుకునే ఉంది! ఒక్క స్వరం తప్పలేదు. అతనికి కన్నీళ్ళాగలేదు. దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పే సమయానికి లేచి మైకు అందుకుని, "దేవుడు నా చెయ్యి బాగుజేసిండు" అని అందరి ముందూ చెప్పేశాడు. చర్చంతా చప్పట్లు. ముందు వరసలో, కాలి పుండుకు కట్టుతో కూర్చున్న తల్లి ఎలీషమ్మ చేతులు పైకెత్తి ఏడ్చింది. ఒక్క వారం ఆగి చెబితే ఏం పోయేది? కానీ అంత సంతోషంలో ఎవరికి ఓపిక ఉంటుంది!

మర్నాడే వేలు మళ్ళీ ముడుచుకుంది. ఆ వారమే ఎలీషమ్మ షుగర్ గోళీలు మానేసిందని ఎడ్వర్డ్ భార్య షైని కనిపెట్టింది.

"నీ మొగని చెయ్యి బాగుజేసిన దేవునికి నా కాలు బరువైతదా?" అంది ముసలామె.

షైని భర్తను వంటింట్లోకి లాగింది. "అత్తమ్మకు నిజం జెప్పు. నీ వేలు బాగుగాలేదని జెప్పు."

"జెప్త, జర ఆగు. వేలు సక్కగైతే నేను జెప్పింది నిజమే అయితది గదా."

ఎంత తెలివి! అబద్ధాన్ని ఒప్పుకోవడానికి బదులు సాధనతో నిజం చేద్దామనుకున్నాడు. రబ్బరు బ్యాండుతో వేలిని వెనక్కి లాగి కట్టి, తలుపేసుకుని అవే ఆర్పెజియోలు వాయించాడు. టిక్కుటిక్కుమంటూ లయ చూపే మెట్రోనోమ్ వేగం తగ్గించాడు, మళ్ళీ పెంచాడు. నొప్పి మోచేతి దాకా పాకినా ఆపలేదు. ఆ నొప్పి వల్ల చర్చిలో ఆ వేలితో అవసరం లేని స్వరాల గుంపులే, అంటే కార్డ్‌లే, పట్టి నెట్టుకొచ్చాడు, ఎవరూ పసిగట్టలేదు. పక్కగదిలో తల్లి కాలు మాత్రం రోజురోజుకూ నల్లబడింది.

జ్వరంతో ఆమె మాట తడబడ్డ రోజున ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మోకాలి కింద దాకా కాలు తీసేశారు.

ఆమెకు తెలివొచ్చాక ఎడ్వర్డ్ మంచం పక్కన కూర్చుని బోరుమన్నాడు. "అమ్మా, నా వేలు బాగుగాలే. గా ఒక్క పూటనే తెరుసుకున్నది. నేను జెప్పకుండ దాసిన."

ఎలీషమ్మ అతని ఎడమచెయ్యి అందుకుంది. "నాకు తెల్సు బిడ్డా. దినాం గోడవతల నువ్వు తప్పుతుంటే ఇనబడ్తనే ఉండె."

"మరి గోళీలు ఎందుకేస్కోలేదమ్మా?"

"నేనెట్లేస్కుంట రా? గోళీలేస్కుంటే నీ సాక్ష్యం నేనే నమ్మనట్టు గదా. కన్నతల్లే నమ్మకపోతే చర్చి సంఘంల నీ మాట ఎవ్వరు నమ్ముతరు? నువ్వే వచ్చి జెప్తవని ఎదురుసూసిన."